అత్త గుప్పిట

మొన్న మా మనవడి బడిలో ఒక పిల్లోడు మేజిక్కు చేసి చూపించాడు. పిల్లోడంటే ముప్పై ఏళ్లుంటాయి, నాకు పిల్లోడే. మూఢనమ్మకాల మీద కార్యక్రమమట. అవ్వలూ తాతలూ కూడా రావాలని మైకులో చెబితే పోయి ముందు బెంచీలో కూర్చున్నాను. ఉత్త చేతిలోంచి విభూతి రాల్చాడు. నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారింది. పసుపు నీళ్లలో సున్నం కలిపి నెత్తురు చేశాడు. ఒక్కొక్కటి చేశాక అది ఎట్లా చేశాడో విప్పి చెప్పాడు. మంచి పని. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

చివర్లో నా ముందుకొచ్చి మైకు నా మూతి దగ్గర పెట్టాడు. "పెద్దమ్మా, మీ కాలంలో ఇట్లాంటివి చూసింటారు కదా?"

"చూసేదేంది నాయనా, చేసినా," అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. ముసల్ది తమాషా చేస్తోందనుకున్నారు. మైకు పక్కవాళ్ల దగ్గరికి పోయింది. నా మాటలో మిగిలిన సగం నా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. రాత వంకరగా ఉంటే సర్దుకోండి. జరిగినదాంట్లో వంకర లేదు.

మా నాయనకు ఒక అక్క ఉండేది. నాకు అత్త. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా మట్టిమిద్దెకు ఆ చివర ఒక గదిలో ఉండేది. ఆ గది వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. సాంబ్రాణి పొగ, ఆముదం, ఒక మూల గంపలో కొర్రలు, దండెం మీద ఎండిన మిరపకాయలు. ఆ నాలుగూ కలిస్తే అత్త.

ఆమె మీదికి పెద్దలు దిగేవాళ్లు. పెద్దలంటే చనిపోయినవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం నడిచి వచ్చేవాళ్లు, తమ ఇంట్లో పోయినవాళ్లతో ఒక మాట మాట్లాడి పోదామని. అత్త దుడ్లు ముట్టేది కాదు. ఎవరన్నా ఒక చేటెడు గింజలు పెడితే తీసుకునేది.

మా వైపు జనం ఉత్త మాటను నమ్మరు. దిగినవాళ్లు ముందు గురుతు ఇవ్వాలి. అదే పద్ధతి. అత్త తల ఊగుతూ ఊగుతూ ఆగేది. కుడిచేయి గుప్పిట బిగించి మోకాలి మీద పెట్టుకునేది. తెరిస్తే అందులో పోయినవాళ్లదేదో ఒకటి ఉండేది. నశ్యం పీల్చే తాతకైతే చిటికెడు నశ్యం. దంచి దంచి చేతులు అరిగిన అవ్వకైతే నాలుగు సద్దగింజలు. గురుతు కనబడ్డాకే వచ్చినవాళ్లు ఏడ్చేవాళ్లు. ఆ తరువాతే అడగాల్సింది అడిగేవాళ్లు.

ఆ గురుతులు తెచ్చింది నేను.

నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో. బడికి పోయేది మా అన్న. నేను నీళ్లకు, పేడకు, కట్టెలకు పోయేదాన్ని. ఒకరోజు అత్త గదిలో ఉట్టి మీద బెల్లం దొంగిలిద్దామని గంప మీదికెక్కి, ఉట్టి సందులోంచి చూశాను. అత్త కొప్పులోకి ఏదో దోపుతోంది. నన్ను చూసింది. తిట్టలేదు.

"చూసినావా?"

"చూసినా."

"అయితే రేపట్నుంచి నువ్వే తేపో. నా మోకాళ్లు నొస్తాండాయి."

అంతే, నాకు కొలువు దొరికింది. ఆడపిల్లను, చంకలో బిందె ఉంటే ఏ ఇంట్లోకైనా పోవచ్చు. ఎవరింటి తాత ఏం నమిలేవాడు, ఏ అవ్వ ఏ డబ్బీలో ఏం దాచుకునేది, అన్నీ నాకు తెలుసు. తెచ్చినదాన్ని తుమ్మబంకతో కొప్పు అడుగున అంటించేదాన్ని. పూనకంలో తల ఊగి కొప్పు వీడేది. వెంట్రుకలు వెనక్కి తోసుకున్నట్టు చెయ్యి పోయేది, వచ్చేది. కూలి కింద వేయించిన చెనక్కాయలు, అదే వేరుశనగలు, ఇంత బెల్లం. దొంగిలించే పని తప్పింది.

ఒకసారి తప్పు చేశాను. పక్క ఊరి రైతు పోతే, గురుతుకని నాలుగు చెనక్కాయలు అంటించాను. రైతు కదా, చేనంతా చెనక్కాయే కదా అనుకున్నాను. అత్త గుప్పిట తెరవగానే ముసలి పెళ్లాం లేచి నిలబడింది.

"ఇదేంది! మా ఆయప్ప జన్మలో చెనక్కాయ ముట్టలే. కొర్ర ఎత్తేసి చెనక్కాయ పెట్టినారని కొడుకుల్ని బూతులు తిడ్తా సచ్చినాడు!"

నేను తలుపు వెనక్కి దూరాను. అత్త మాత్రం కళ్లు తెరవకుండా, ఆ ముసలాయన గొంతుతో ఉరిమింది. "అదే సెప్తాండా! నేను తిట్టినా వింటిరా మీరు? ఇంద, తినండి, మీరే తినండి!" అని ఆ కాయలు కొడుకుల మొహాన కొట్టింది. ఇద్దరు కొడుకులూ భోరుమన్నారు. ముసలమ్మ చెంగు నోట్లో కుక్కుకుని, "ఆయప్పే, ముమ్మాటికీ ఆయప్పే" అంది. ఆ రాత్రి అన్నం దగ్గర అత్త నన్ను చూసి, "ఈసారి అడిగి తేవే" అని మాత్రం అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధమవుతుంది. బావి తవ్వుతుంటే మన్ను కూలి పోయిన మనిషి కోసం వాళ్లావిడ వచ్చింది. నేను బొక్కెన తాడు పీచు అంటించాను. అత్త గుప్పిట తెరిస్తే అందులో తడిమన్ను. వాసన కూడా వచ్చింది, తొలివాన పడినప్పుడు వస్తుందే, ఆ వాసన. ఊళ్లో ఒక్క బావిలోనూ నీళ్లు లేని ఏడు అది. తరువాత తల దువ్వుతుంటే తాడు పీచు పెట్టిన చోటే ఉంది. అడిగితే, "నువ్వే తెచ్చింటావులే" అంది. నేను తేలేదు. కడవ అడుగున మన్ను కూడా తడిగానే ఉంటుంది, ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినంత రాస్తున్నాను.

ఆ ఏడే మా ఊరి బడికి కొత్త ఐవారు వచ్చాడు. ఐవారంటే మా వైపు పంతులు. ఎక్కడో నీళ్లున్న సీమ నుంచి వచ్చాడు, సన్నంగా ఉండేవాడు, మాటలు అంతకంటే సన్నంగా, సూదుల్లాగా ఉండేవి. సాయంత్రం టీ అంగడి దగ్గర కూర్చుని మా అత్త మీద వాదన పెట్టేవాడు.

"చచ్చిపోయినవాళ్లకు నశ్యం ఎక్కడిదండీ? అక్కడేమైనా అంగడి ఉందా?"

మా ఊరి ముసలాయన ఒకడు, చుట్ట తీయకుండానే అడిగేవాడు. "భూమి గుండ్రంగా తిరుగుతాదని పిల్లోల్లకు చెప్తావంటనే. నువ్వు చూసినావా ఐవారా?"

"పుస్తకంలో ఉంది తాతా."

"నీకు పుస్తకంలో ఉండాది. మాకు గుప్పిట్లో ఉండాది."

అంగడంతా నవ్వేది. ఐవారూ నవ్వేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కనబడినదాన్ని తిరగేసి చూడందే నిద్రపట్టని రకం. నాకు మాత్రం ఆయన్ని చూస్తే భయం. తిరగేస్తే కింద ఉండేది నేనే కదా.

ఊరి చివర గొర్రెల ఇల్లుండేది. ఆ ఇంటామెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఇద్దరు కొడుకులు. ఇక్కడ గడ్డిపోచ లేకపోతే, ఇద్దరూ మందను తోలుకుని పడమర దిక్కున కన్నడ దేశంలోకి పోయారు. మూడు నెలలకు పెద్దోడు ఒక్కడే, సగం మందతో తిరిగి వచ్చాడు. ఒక సంతలో చిన్నోడు తప్పిపోయాడట. నాలుగు రోజులు వెతికాడట. జ్వరంతో ఉన్నాడని ఒకరు, ఏట్లో పడ్డాడని ఒకరు. ఎవరూ చూడలేదు.

ఆ తరువాత ఎనిమిది నెలలు. పెద్దమ్మ వేడి కూడు మానేసింది. చల్లటి అంబలి తాగేది, అదీ కోడలు చేతిలో పెడితే. చిన్నోడి పెళ్లాం అది, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. దాని బతుకు మరీ ఘోరం. పూలు పెట్టుకోనివ్వరు, గాజులు తీయనివ్వరు. పెళ్లికి పిలవరు. పుట్టింటికి పోదామంటే ఏ లెక్కన పోవాలి? నీళ్ల దగ్గర నిలబడితే ఆడవాళ్లు దాని చేతులకేసి చూసేవాళ్లు. ఆకుపచ్చ గాజులు, ఒక చేతికి ఆరు. అది చెంగులో చేతులు దాచుకునేది.

పెద్దోడు ఒక మధ్యాహ్నం అత్త గదికి వచ్చాడు. ఒళ్లంతా గొర్రెల వాసన. నడుము దగ్గర నుంచి ఒక దారం తీశాడు. తమ్ముడు కప్పుకునే కంబడి అంచుది, తమ్ముడే పేనిన ఎర్ర ఉన్ని దారం.

"అమ్మ సచ్చిపోతాది అక్కా. వాడు పొయ్యినాడని నువ్వొక మాట చెప్తే, ఒక దినం ఏడ్చి బువ్వ తింటాది. ఆ పిల్ల కూడా ఒక దారి చూసుకుంటాది."

"పొయ్యినాడని నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. ఎనిమిది నెల్లు అక్కా. ఉంటే రాడా?" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన మోసం చేయడానికి రాలేదు. అలిసిపోయి వచ్చాడు.

అత్త చాలాసేపు ఆ దారం చూసింది. తీసుకుంది. "సరే, పిలుచ్చాం. వస్తే చూద్దాం," అంది.

సంగతి ఐవారి చెవిన పడింది. ఎప్పుడూ మా గడప తొక్కని మనిషి నేరుగా వచ్చాడు.

"అమ్మా, ఇన్నాళ్లూ నేను వేళాకోళం చేశాను. ఇది వేళాకోళం కాదు. మీరు గుప్పిట తెరిస్తే ఆ పిల్ల గాజులు పగలగొడతారు. రేపు వాడు తిరిగొస్తే ఎవరు అతికిస్తారు? చీకటి గదిలో వద్దు. పట్టపగలు, అందరి ముందు, చేతులు కడిగించి అప్పుడు పిలవండి."

మా నాయన లేచాడు. "ఏమప్పా, మాయక్క దొంగా?"

అత్త నాయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "కడిగించు సామీ. నీళ్లు మాత్రం నువ్వే తెచ్చుకో. మా ఇంట్లో లేవు."

మర్నాడు మా ఇంటి ముందర బండల మీద ఊరంతా కూర్చుంది. ఎండకు బండలు కాలుతున్నాయి. ఐవారు చెంబెడు నీళ్లు, తన సబ్బు తెచ్చాడు. ఆ సబ్బు వాసన మా వీధిలో అంతకు ముందెప్పుడూ లేదు. మోచేతుల దాకా రుద్ది కడిగించాడు. నోరు పుక్కిలించమన్నాడు. చెంగు దులపమన్నాడు. తరువాత ఆమె తల వైపు చూసి ఆగాడు. పరాయి ఆడమనిషి కొప్పు మీద మగవాడు చెయ్యి వేయకూడదు. చుట్టూ చూసి, నన్ను పిలిచాడు.

"పాపా, నువ్వు చూసి చెప్పు. కొప్పులో ఏమైనా ఉందా?"

పొద్దున్నే నా చేతులతో అంటించిన దారం అది. బంక ఇంకా నా వేళ్లకు ఉంది. కొప్పులో వేలు పెట్టి అటూ ఇటూ కదిపాను. దారం తగిలింది.

"ఏమీ లే," అన్నాను.

ఆయన నన్ను నమ్మాడు.

పెద్దమ్మ ముందు కూర్చుంది. పక్కనే కోడలు, చేతులు చెంగులో. దాని వెనకాల ముగ్గురు ముసలమ్మలు వచ్చి కూర్చున్నారు. ఊళ్లో గాజులు తీసే పని వాళ్లది. ఒకామె ఒళ్లో నున్నటి గుండ్రాయి. దాన్ని చెంగుతో కప్పుకుంది గానీ అందరికీ తెలుసు. కోడలికీ తెలుసు.

సాంబ్రాణి వేశారు. అత్త తల ఊగడం మొదలైంది. కొప్పు వదులైంది, వీడింది. చెవి పక్కన వెంట్రుకల్లో ఎర్రగా దారం నాకు కనబడింది. అత్త చెయ్యి లేచింది. వెంట్రుకల్లోకి పోయి దారాన్ని తాకింది. అక్కడే ఆగింది. చెయ్యి అట్లాగే కిందికి దిగింది. గుప్పిట మోకాలి మీదికి వచ్చింది.

మామూలుగా ఆకు వక్క నమిలేంతసేపట్లో తెరిచేది. ఆ రోజు మిద్దె నీడ జానెడు జరిగింది. అత్త పెదాలు కదులుతున్నాయి, మాట వినబడదు. చెమట గడ్డం నుంచి కారుతోంది. అంతకు ముందు ఏ పూనకంలోనూ ఆమె అంత కష్టపడటం నేను చూడలేదు.

గుప్పిట తెరిచింది. ఏమీ లేదు. సబ్బుకు ముడతలు పడిన చెయ్యి, దాంట్లో గీతలు.

"రాలేదు," అంది. ఎవరి గొంతూ కాదు, తన గొంతే. "మూడు తూర్లు పిలిచినా. ఆ పక్కన లేడు వాడు."

పెద్దమ్మ వంగి, "లేడంటే?" అంది.

"లేడంటే ఈ పక్కన్నే యాడో ఉండాడు. పోయి బువ్వ తిను పో."

ఐవారు లేచి నిలబడ్డాడు. "చూశారా? చేతులు కడిగితే ఏమీ రాలేదు." కోపంగా అనలేదు, ఇంకా మెల్లగానే అన్నాడు. కానీ వెనక నుంచి ఎవడో, "సబ్బుకు దయ్యాలు పారిపోయినాయప్పో!" అని అరిచాడు. బండలన్నీ నవ్వాయి. ఆ పూట నుంచి మా అత్తకు సబ్బుతల్లి అని పేరు పడింది.

ముసలమ్మలు చెంగులు దులుపుకుని లేచారు. కోడలు లేచేటప్పుడు చేతులు బయటికి వచ్చాయి, గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు వినడానికి అది ఒక క్షణం నిలబడింది. ఆ పూట పెద్దమ్మ పొయ్యి ముట్టించి సంగటి కెలికిందని, వేడిగా తిన్నదని ఊరంతా తెలిసింది.

సాయంత్రం నేను అత్త వెనక కూర్చుని కొప్పు విప్పాను. బంక గట్టిపడింది, దారం రాలేదు. కత్తెరతో గుప్పెడు వెంట్రుకలు కోయాల్సి వచ్చింది. ఏడుస్తూ కోశాను.

"ఏంటికి తీయలేదత్తా? చెయ్యి ఆడికే పాయ కదా."

"తీద్దామనే పాయ."

"మల్లేంది?"

"వచ్చింటే తీసిందును."

"ఎవురు?"

"వాడు." నా చేతిలో దారం తీసుకుని వేలికి చుట్టుకుంది. "వస్తువు నువ్వు తెచ్చినావు పాపా. మనిషిని ఎప్పుడన్నా నువ్వు తెచ్చినావా?"

"నేను పోయి చెప్తా అందరికీ, దారం ఉన్నిందని! తీయాలంటే తీసిండునని!"

"చెప్తే? ఆ దారం చూసి ఆయమ్మ మల్లా అంబలికి పోతాది. గమ్మునుండు."

గమ్మునున్నాను. అత్త దగ్గరికి జనం రావడం ఆగిపోయింది. చేటెడు గింజలూ ఆగిపోయాయి. కళ్యాణదుర్గంలో చెనక్కాయలు వలిచే పనికి పోయేది, సాయంత్రానికి గోళ్లలో నెత్తురు. దారిలో పిల్లలు, "సబ్బుతల్లీ, సబ్బిస్తావా?" అని అరిచేవాళ్లు. "మీ మూతులు కడుక్కోండి, ఇస్తా," అని నడుచుకుంటూ పోయేది. నాకు వేయించిన చెనక్కాయలు మాత్రం ఆగలేదు. చెంగులో నాలుగు దాచి తెచ్చేది.

మరుసటి ఏడు విత్తనాలు వేసే అదనులో పెద్దమ్మ ఇంటికి కార్డు వచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లలో చదవగలిగింది ఐవారొక్కడే. ఆయన అందరి ముందు చదివాడు. చిన్నోడు ఎవరి చేతనో రాయించాడు. తన కాపలాలో గొర్రెలు ఏదో విషపాకు మేసి పది చచ్చాయట. అన్నకు మొహం చూపించలేక సంతలోంచి పారిపోయాడట. కొండల్లో కాఫీ తోటలో పని చేస్తున్నాడు. గొర్రెలు కొనేంత కూడబెట్టాక వస్తానన్నాడు. చివర్లో పెళ్లాం ఎట్లుందని అడిగాడు. ఆ మాట దగ్గర ఐవారు తలెత్తి కోడలి చేతులకేసి చూశాడు.

ఆయన నేరుగా మా అత్త దగ్గరికి వచ్చాడు. గడప బయటే నిలబడి, "అమ్మా, మీకెలా తెలిసింది?" అన్నాడు.

"నువ్వే కదా సామీ కడిగించింది. ఉత్త చెయ్యి ఉత్తగానే కనబడె."

నీళ్లు అడిగి తాగాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర నన్ను నిలబెట్టాడు.

"పాపా, నిజం చెప్పు. ఆ రోజు కొప్పులో ఏమైనా ఉందా?"

అత్త లోపలి నుంచి నన్ను చూసింది. ఏ సైగా చేయలేదు. చెప్పవచ్చు, పెద్దమ్మకిప్పుడు భయం లేదు. కానీ పిల్లలకు మొదటి అబద్ధం మీద మాట నిలబెట్టుకునే మొండితనం ఉంటుంది. "ఏమీ లే," అన్నాను మళ్లీ.

తల ఊపి పోయాడు. ఆ ఏడే ఆయనకు బదిలీ అయింది. అత్త కొన్నేళ్లకు పోయింది. అంతదాకా మళ్లీ ఎవరినీ పిలవలేదు. నేనూ ఆమెను పిలిపించలేదు. గుప్పిట్లో ఏం చూపించమంటాను?

ఇప్పుడు ఫోన్లో రోజూ చూస్తాను. శూన్యంలోంచి వస్తువు తీసేవాడొకడు, వాడి మోసం బయటపెట్టేవాడొకడు, కింద జనం కొట్లాట. అంతా వస్తువు గురించే. బడిలో ఆ పిల్లోడు కూడా చివరికి ఉత్త చెయ్యి చాపి, "చూడండి, ఏమీ లేదు" అన్నాడు. పాపం, వాడి చేతిలో నిజంగానే ఏమీ లేదు.

నలభై దాటాక నేను పలక పట్టుకుంటే ఇంట్లో నవ్వారు, ముసలితనంలో ఏం రాస్తావని. ఒక్క జవాబు రాయాలనే. మీరు ఇప్పుడు ఏ పక్కన ఉన్నారో నాకు తెలీదు ఐవారా. కొప్పులో దారం ఉన్నింది. ఎర్రది. మా అత్త చెయ్యి దాన్ని తాకి, వదిలేసి, ఉత్తగా కిందికి దిగింది. నేను చూసినా.